ఎల్లన్న బిగించిన అలారం

గోదావరిఖనిలో ఎల్లన్నను చంపినవాడు పని పక్కాగా చేశాడు. ఒకటే తప్పు చేశాడు. చెక్క దిమ్మల్ని గోడ పక్కనే వదిలేశాడు.

మే పద్నాలుగు, మిట్టమధ్యాహ్నం. ఎండకు భయపడి కుక్కలు కూడా రోడ్డెక్కని వేళ. ఎల్లన్న ఆటో ఎలక్ట్రికల్ షాపు ముందు ఒక పాత కారు జాకీ మీది నుంచి జారింది. కింద ఎల్లన్న ఉన్నాడు. పక్కన ఖాళీ క్వార్టర్ సీసా ఉంది. వచ్చిన ఎస్సై సీసాను చూశాడు, మనిషిని చూశాడు, 'మద్యం మత్తులో పని చేస్తూ ప్రమాదవశాత్తు' అని రాసి ఫైలు కట్టేశాడు.

సదానందం మూడో రోజు వచ్చాడు. ఎల్లన్న అతనికి సొంత బావ, అక్క లింగవ్వ భర్త. ఊళ్లో వాళ్ల దృష్టిలో సదానందం ఢిల్లీలో ఫైళ్లు మోసే గుమాస్తా. నిజానికి ఏ డైరెక్టరీలోనూ పేరు లేని ఒక ఆఫీసులో అతను ఏజెంట్ ఎస్-నైన్.

షాపులో అడుగు పెట్టగానే అతని చూపు గోడ దగ్గర ఆగింది. నాలుగు మద్ది చెక్క దిమ్మలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి.

ఎల్లన్న ముప్పై రెండేళ్లు బొగ్గు బావిలో ఎలక్ట్రీషియన్. బావిలో దిగే మనిషి పైకప్పును కర్రతో తట్టి, చప్పుడు విని, దానికి ఆసరాగా దిమ్మ నిలబెట్టాక గానీ కింద కూర్చోడు. రిటైరై పైకి వచ్చినా ఎల్లన్నకు ఆ అలవాటు పోలేదు. జాకీ ఎత్తిన బండి కింద నాలుగు దిమ్మలు పెట్టకుండా, జారిపడ్డ స్క్రూ కోసమైనా చెయ్యి పెట్టేవాడు కాదు. పక్క షాపుల వాళ్లు ఎగతాళి చేస్తే, "నవ్వుండ్రి, నవ్వుండ్రి. నేనైతే మంచం మీదనే సస్త" అనేవాడు.

దిమ్మలు గోడ పక్కన ఉన్నాయంటే ఎల్లన్న తనంతట తాను ఆ బండి కిందికి పోలేదు. ఎవరో తోశారు.

ఇంట్లో లింగవ్వ ఏడవడం లేదు. ఏడుపు అయిపోయి, కోపం మిగిలింది.

"తాగి సచ్చిండని రాసిండ్రు తమ్మీ. పదకొండేండ్లాయె మీ బావ సుక్క ముట్టక. గా సీసా వెట్టినోడే సంపిండు. నువ్వు ఏం నౌకరి చేస్తవో నేను ఎన్నడు అడుగలె. ఫైళ్లు మోసెటోని భుజం మీద గోలీ మచ్చ ఎందుకుంటది, గంత తెల్వదా నాకు? నాకు ఒక్కటే కావాలె. సంపినోడు వాని నోటితోని చెప్పాలె, నేను ఇనాలె."

"చెప్పిస్త అక్కా."

"ఉత్తగ చెప్పిచ్చుడు కాదు. మీ బావ ఎంత గోసపడ్డడో వాడు గంత గోసపడాలె."

సదానందం తల ఊపాడు. పగతో పని చెయ్యకూడదని కొత్త ఏజెంట్లకు ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నవాడు అతను. ఆ పాఠం ఆ పూట అతనికి పచ్చి అబద్ధంలా తోచింది.

* * *

చీఫ్ భీమశంకరం టెలిగ్రామ్ భాషలో మాట్లాడే మనిషి. హైదరాబాద్‌లో ఒక కిటికీ లేని గదిలో, చల్లారిపోయిన కాఫీ ముందు పెట్టుకుని బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"కార్ల్ వెస్టర్‌మన్. టర్బైన్ కన్సల్టెంట్ అని వీసా. నిజానికి గ్లాస్‌హౌస్ అనే గూఢచారి ముఠా మనిషి. మూడు నెలలుగా జ్యోతినగర్‌లో ఒక ప్రైవేట్ గెస్ట్ హౌస్‌లో మకాం."

"ఏం దొంగిలించాడు సార్?"

"దక్షిణాది గ్రిడ్ మొత్తం ఆరిపోతే మళ్లీ వెలిగించే కోడ్లు. వెలిగించడం తెలిసినవాడికి ఆర్పడం కూడా తెలుస్తుంది. ఈ ఎండల్లో ఐదు రాష్ట్రాలకు కరెంటు పోతే ఆస్పత్రుల్లో ఏమవుతుందో ఊహించుకో. అన్నీ ఒక చిన్న డ్రైవ్‌లో ఉన్నాయి. అది ఎక్కడ దాచాడో తెలియదు."

"సోదా చేస్తే?"

"డిప్లొమాటిక్ పాస్‌పోర్ట్. ఒంటి మీద చెయ్యి పడకూడదు. డ్రైవ్ వాడంతట వాడే ఇవ్వాలి."

"అడిగితే ఇస్తాడా?"

"అందుకే నిన్ను పిలిచాను. రేపు పదిన్నరకు తన తెల్ల బండిలో బయల్దేరుతాడు. మంచిర్యాలలో వాళ్ల ఎంబసీ కారు కాచుకుని ఉంటుంది. అందులో ఎక్కాడా, మనం చేతులు కట్టుకోవడమే."

సదానందం జేబులోంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టాడు. ఎల్లన్న చనిపోయిన మర్నాడు కొరియర్‌లో వచ్చింది. అందులో ఒక కారు అలారం రిమోట్, నోట్‌బుక్కు కాగితం మీద నాలుగు ముక్కలు ఉన్నాయి. 'తెల్ల దొర బండికి అలారం బిగిస్తున్న. డ్యాష్‌బోర్డు లోపల ఏందో పెట్టె, దానికి ఏరియల్ ఉన్నయ్. నాకు మంచిగ అనిపిస్తలేదు. కిట్టుకు రెండు రిమోట్లు వస్తయ్. ఒకటి వానికి, ఒకటి నీకు. బావ.'

కోడ్లు లాగడానికి వాడిన ఆ పెట్టె చూసినందుకే ఎల్లన్న చచ్చిపోయాడు. గదిలో ఉన్న ఇద్దరికీ అది తెలుసు.

"నాకు డ్రైవ్ కావాలి, మనిషి ప్రాణంతో కావాలి," అన్నాడు భీమశంకరం. "నీ బావ సంగతి నాకు తెలుసు. ముందు నా పని. అక్కడ మన మనిషి ఒకరున్నారు. వాడి ఇంటర్‌ప్రెటర్. కోడ్ నేమ్ నెమలి. రెండేళ్లుగా వాడి దగ్గర పనిచేస్తూ మనకు కబుర్లు పంపుతోంది. అసలు పేరు బాలాత్రిపురసుందరి."

"అంత పొడుగు పేరున్న మనిషికి ఇంకా కోడ్ నేమ్ ఎందుకు సార్?"

భీమశంకరం నవ్వలేదు. అతను చివరిసారి నవ్వింది ఏ ప్రభుత్వంలోనో ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు.

* * *

మర్నాడు పదిన్నర. జ్యోతినగర్ గెస్ట్ హౌస్ ఎదురుగా టీ బండి దగ్గర ఖాకీ చొక్కా, గ్రీజు మరకల టోపీ, వారం గడ్డంతో ఒక మెకానిక్ కూర్చుని ఉన్నాడు. ఈ పూట అతని పేరు అంజి. చొక్కా రెండో గుండీలో మైకు ఉంది, చెవిలో గింజంత ఇయర్‌ఫోన్ ఉంది. జేబులో ఎల్లన్న పంపిన రిమోట్ ఉంది.

పోర్టికోలో తెల్ల బండి. వెస్టర్‌మన్ లోపల కూర్చోగానే సదానందం జేబులో బటన్ నొక్కాడు. అలారం ఆన్ అయింది. అలారం ఆన్‌లో ఉంటే ఇంజన్‌కు పెట్రోలు పంపే పంపుకు కరెంటు అందదు. సెల్ఫ్ ఎంత తిరిగినా బండి స్టార్ట్ కాదు.

కుర్ర్... కుర్ర్... కుర్ర్...

నాలుగుసార్లు తిప్పి వెస్టర్‌మన్ దిగాడు. బానెట్ ఎత్తి చూశాడు. టర్బైన్ కన్సల్టెంట్‌నని చెప్పుకునే పెద్దమనిషికి బానెట్ కింద ఏముందో అర్థం కాలేదు. అద్దం మీద అలారం స్టిక్కర్ ఉంది, దాని మీద షాపు నంబర్ ఉంది. రెండు నిమిషాల్లో, అక్క దగ్గర తీసుకున్న ఎల్లన్న ఫోను సదానందం జేబులో మోగింది.

"ఆ, చెప్పుండ్రి... ఎల్లన్న లేడు మేడం, నేను అంజిని, షాపు ఇప్పుడు నేనే చూసుకుంటున్న... ఇక్కడ్నే ఉన్న, వస్తున్న."

గేటు దగ్గర కొమురయ్య ఆపాడు. బావిలో షాట్‌ఫైరర్‌గా, అంటే మందు పెట్టి బొగ్గు పేల్చే పనిలో రిటైరై, ఇప్పుడు ఈ గేటుకు కాపలా ఉంటున్నాడు. మెడలో ఎర్ర తువ్వాల, వేలికి ఈల.

"ఎల్లన్న షాపుకెల్లి వచ్చినవా తమ్మీ? మంచి మనిషి. తాగి సచ్చిండంటే నేను నమ్మలె," అని గేటు తీశాడు. ఆ ఒక్క మాటకు సదానందం అతని కాళ్లకు మొక్కేవాడే, వేషం అడ్డొచ్చింది.

పోర్టికోలో బాలాత్రిపురసుందరి నిలబడి ఉంది. నెమలికంఠం రంగు పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, నలభై ఆరు డిగ్రీల్లోనూ చెదరని జుట్టు. చేతిసంచి ఛాతీకి హత్తుకుని పట్టుకుంది.

"ఏమయ్యా, రామగుండంలో ఎండ ఎక్కువా, రెంటచింతలలో ఎక్కువా?" అంది.

"ఎండ అంతటా ఒక్కటే మేడం, గొడుగులే వేరు."

కోడ్ సరిపోయింది. ఆమె కళ్లద్దాలు సర్దుకుని పక్కకు జరిగింది.

వెస్టర్‌మన్ ముందుకొచ్చాడు. ఎండకు ముఖం టమాటా రంగుకు తిరిగింది. ముఠావాళ్లు అతనికి తెలుగు నేర్పారు గానీ, ఏ కాలం నాటి పుస్తకం ఇచ్చారో!

"ఈ శకటమునకు ఏమి సంభవించినది? ద్వాదశ ఘంటలకు ముందే నేను పయనము కావలెను."

"చూస్త సార్, ఫికర్ చెయ్యకుండ్రి. ఒకసారి చాబీ తిప్పుండ్రి."

తిప్పేముందు సదానందం జేబులో బటన్ నొక్కి అలారం ఆపేశాడు. అతని ప్లాన్ తేలికైనది. బండి ఓసారి స్టార్ట్ అవుతుంది, మళ్లీ ఆగిపోతుంది. రిపేరు పేరుతో బండి అంతా విప్పి, డ్రైవ్ వెతకొచ్చు.

కుర్ర్... కుర్ర్... కుర్ర్...

బండి స్టార్ట్ కాలేదు.

సదానందం మళ్లీ నొక్కాడు. అలారం ఆగిపోయే ఉంది. మళ్లీ తిప్పించాడు. సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవడం లేదు. నాటకం అనుకున్న జబ్బు నిజంగానే పట్టుకుంది.

అతని కళ్లు ఇంకొకటి కూడా చూశాయి. వెస్టర్‌మన్ చాబీ మీద చెయ్యి వేసిన ప్రతిసారీ నెమలి పోర్టికోలోంచి కదిలి కాంపౌండు గోడ వెనక్కి పోతోంది. పోర్టికోలో నీడ. గోడ వెనక మాడిపోయే ఎండ. పట్టుచీర కట్టుకున్న మనిషి నీడ వదిలి ఎండలోకి ఎందుకు పోతుంది?

ఆ ప్రశ్నను పక్కన పెట్టి పనిలోకి దిగాడు. బ్యాటరీ మంచిగా ఉంది, లేకపోతే సెల్ఫ్ అంత జోరుగా తిరగదు. ప్లగ్ ఊడదీసి చూశాడు, నిప్పురవ్వ వస్తోంది. చాబీ ఆన్ చేసి, వెనక సీటు దగ్గర చెవి పెట్టాడు. పెట్రోలు పంపు రెండు సెకన్లు 'జుయ్' మనాలి. చప్పుడు లేదు. ఫ్యూజు చూశాడు, బాగానే ఉంది. అంటే ఫ్యూజుకూ పంపుకూ మధ్య ఎక్కడో కరెంటు ఆగిపోతోంది. ఆ మధ్యలో ఉన్నది ఎల్లన్న బిగించిన అలారం.

చాబీ తీసి జేబులో వేసుకుని, స్టీరింగ్ కింద తల దూర్చి, వైర్ల గుత్తిలోకి చెయ్యి పెట్టాడు. వేలికి మొదటి జాయింట్ తగిలింది. టంకం వేసి, టేపు మూడు చుట్లు చుట్టి, చివర లోపలికి మడిచి ఉంది. బావిలో వదులు జాయింట్ రవ్వ విసిరితే గ్యాసు అంటుకుని షిఫ్టు మొత్తం బూడిదైపోతుంది. అందుకే ఎల్లన్న జాయింట్ ఊడదు. చీకట్లో వేలితో తడిమి గుర్తుపట్టేందుకే ఆ మడత. సదానందానికి బావ చేతిని పట్టుకున్నట్టే అనిపించింది. అతను ఆ వైరును ఒక క్షణం అలాగే పట్టుకున్నాడు.

ఆ వైరు వెంబడి జానెడు దూరం పోయాక ఇంకో జాయింట్ తగిలింది. ఇది ఎల్లన్నది కాదు. వైర్లను చేత్తో మెలిపెట్టి, టేపు పైపైన అతికించారు. ఎండకు జిగురు కరిగి, మెలిక విడిపోయి ఉంది. బండి స్టార్ట్ కాకపోవడానికి కారణం ఇదే. ఈ కొత్త జాయింట్ నుంచి సన్నని పసుపు వైరు ఒకటి తివాచీ కిందుగా డ్రైవర్ సీటు దాకా పోయింది.

సదానందం సీటు కింద చెయ్యి పెట్టి, తల వంచి చూశాడు.

అయిదు మందు గొట్టాలు. బావిలో బొగ్గు పేల్చే మందు. మధ్య గొట్టంలో గుచ్చిన డిటోనేటర్. అతని నాన్న కూడా షాట్‌ఫైరరే, చిన్నప్పుడే అవి ఎలా ఉంటాయో చూపించాడు. పంపుకు కరెంటు వస్తే డిటోనేటర్‌కూ వస్తుంది. ఇందాక రెండుసార్లు అతనే చాబీ తిప్పించాడు. ఒక చెత్త జాయింట్ వల్ల పోర్టికోలో ఉన్నవాళ్లంతా బతికి ఉన్నారు.

గోడ వెనక్కి పోయిన పట్టుచీర సంగతి ఇప్పుడు అర్థమైంది. దొరను లేపేసి, నెమలి ఇంకెవరి పంచనో చేరబోతోంది.

సదానందం కదల్లేదు. సీటు కింద తల పెట్టి అలాగే ఉండిపోయాడు. విడిపోయిన రెండు కొసలు అతని వేళ్ల మధ్యే ఉన్నాయి. వాటిని మళ్లీ మెలిపెట్టి, 'అయిపోయింది సార్, తిప్పుండ్రి' అని గేటు దాకా నడిస్తే చాలు. బావను చంపినవాడు ముక్కలవుతాడు. నింద నెమలి మీద పడుతుంది. చీఫ్ కూడా పల్లెత్తు మాట అనలేడు. అలాగే చెయ్యాలని ఒళ్లంతా కోరింది.

ముందు టైరు పక్కన చీపురు చప్పుడైంది. పనిమనిషి సారవ్వ పోర్టికో ఊడుస్తోంది.

"జరుగవ్వా," అన్నాడు.

"నువ్వే జరుగు కొడుకా. నా పని నాకున్నది," అని ఆమె ఊడుస్తూనే ఉంది.

ఆ ఒక్క మాటకు అతనికి తెలివొచ్చింది. ముసలామె పోతుందన్నది ఒక్కటే కాదు. పేలితే వెస్టర్‌మన్ అర సెకనులో పోతాడు. ఎందుకు పోయాడో తెలియకుండా పోతాడు. నోరు విప్పకుండా పోతాడు. లింగవ్వ చెవికి ఏమీ అందదు, ఆ ఎస్సై రాసిన రాత అలాగే ఉండిపోతుంది. వీడికి అంత సుఖమైన చావా?

కటింగ్ ప్లయర్‌తో వైర్లను ఒకటి తర్వాత ఒకటి కోశాడు. డిటోనేటర్ వైపు కొసలు రెండింటినీ కలిపి మెలిపెట్టాడు, ఇక దానికి ఏ కరెంటూ అంటదు. డిటోనేటర్‌ను మెల్లగా పీకి, గుడ్డలో చుట్టి, తన టిఫిన్ డబ్బా పై గిన్నెలో పెట్టి మూత బిగించాడు. మందు గొట్టాల్ని, వేలాడే పసుపు వైరును మాత్రం అలాగే ఉంచాడు.

గుండీకి దగ్గరగా గొణిగాడు. "నెమలి మనది కాదు. వెనక గేటుకు వస్తది. చేతిసంచి వదలకుండ్రి."

చెవిలో భీమశంకరం గొంతు పలికింది. "కాపీ. ఎంబసీ కారు మంచిర్యాల నుంచి సగం దారి వచ్చేసింది. వాణ్ని ఎక్కించుకోవడానికే వస్తోంది. పది నిమిషాలు."

సదానందం చేతులు తుడుచుకుని లేచాడు.

"దొరికింది సార్. చాబీ ఇదిగో. లోపల కూసోండ్రి, నేను చెప్పేదాక తిప్పకుండ్రి."

వెస్టర్‌మన్ సంచీతో సహా ఎక్కి తలుపు వేసుకున్నాడు. జేబులో బటన్ టుక్కుమంది. నాలుగు తలుపులూ లాక్ అయ్యాయి. కిటికీ అద్దం రెండు వేళ్ల సందు మాత్రం తెరిచి ఉంది. సదానందం ఆ సందు దగ్గర కూర్చున్నాడు.

"దొరా, కాళ్ల దగ్గర చూడు. పసుపు వైరు కనిపిస్తుందా? సీటు కింద చెయ్యి పెట్టి తడుము. మెల్లగ."

వెస్టర్‌మన్ తడిమాడు. టమాటా రంగు సున్నం రంగుకు మారింది.

"నేను పెట్టలె. నీ ఇంటర్‌ప్రెటర్ పెట్టింది. నువ్వు తలుపు తీస్తే పేలుతది. ఈ రిమోట్ నేను నొక్కినా పేలుతది."

"నీవు అసత్యము పలుకుచున్నావు."

సదానందం లేచి, గేటు వైపు తిరిగి, ఊపిరితిత్తులు నిండా గాలి పీల్చి అరిచాడు.

"మిస్‌ఫైర్! కొమురన్నా, మిస్‌ఫైర్!"

వేరే ఊళ్లో ఆ మాట అరిస్తే జనం ఫోన్లు పట్టుకుని చూడటానికి వస్తారు. బొగ్గు బావుల ఊళ్లో అలా కాదు. పెట్టిన మందు పేలకుండా ఉండిపోవడమే మిస్‌ఫైర్. అరగంట దాకా దాని దగ్గరికి ఎవరూ పోకూడదు. బావిలో ఆ రూల్ తప్పినవాళ్ల ఫోటోలకు ఇళ్లలో దండలు వేలాడుతుంటాయి. కొమురయ్య ఏమిటి, ఎందుకు అని అడగలేదు. ఈల మూడుసార్లు ఊది, ఎర్ర తువ్వాల చేత్తో పట్టుకుని రోడ్డు మీదికి ఉరికాడు. నా పని నాకున్నదన్న సారవ్వ చీపురు పారేసి, డెబ్బై ఏళ్ల వయసు మరిచి గేటు దాటేసింది. పక్క క్వార్టర్లలో పొయ్యిలు ఆగిపోయాయి. ఆడవాళ్లు ముసలివాళ్ల రెక్కలు పట్టుకుని వీధి చివరకు నడిపించారు. టీ బండివాడు మరిగే పాలు వదిలేసి పోయాడు. నిమిషంలో ఆ సందులో పురుగు లేదు.

వెస్టర్‌మన్ అద్దంలోంచి ఇదంతా చూశాడు. ఒక మెకానిక్ అబద్ధం చెప్పగలడు. వీధి మొత్తం అబద్ధం ఆడలేదు.

"నీకు ఏమి కావలెను?" అతని గొంతు సన్నబడింది.

"డ్రైవ్."

పన్నెండుకు రెండు నిమిషాలు. వీధి మొదట్లో నీలం నంబర్‌ప్లేటు ఎంబసీ కారు తిరిగింది. వెస్టర్‌మన్ దాన్ని చూశాడు, సీటు కింద చూశాడు, సదానందం బొటనవేలి వైపు చూశాడు. నడుముకున్న బెల్టు తీసి, దాని బకిల్ తిప్పి, గోరంత డ్రైవ్ బయటకు లాగి అద్దం సందులోంచి జారవిడిచాడు. ఎంబసీ కారు గేటు దగ్గర బ్రేకు వేసిన క్షణంలో అది సదానందం అరచేతిలో పడింది.

"డ్రైవ్ వచ్చిందా? వెల్ డన్. తప్పుకో," అన్నాడు చెవిలో భీమశంకరం.

సదానందం ఇయర్‌ఫోన్ పీకి జేబులో వేసుకున్నాడు. చీఫ్ పని అయిపోయింది. తన పని ఇప్పుడే మొదలు.

గేటు దగ్గర ఎంబసీ ఆఫీసరు దిగి అరుస్తున్నాడు. తనకు డిప్లొమాటిక్ ఇమ్యూనిటీ ఉందని, తనను ఆపే హక్కు ఎవరికీ లేదని. కొమురయ్య ఎర్ర తువ్వాల అడ్డం పెట్టాడు.

"నీకు ఏముంటే ఏంది సార్, మందుకు గది తెల్వది. అరగంట ఆగాలె."

సదానందం అద్దం సందుకు నోరు దగ్గరగా పెట్టాడు.

"గోదావరిఖనిల ఎల్లన్న అని ఒక ఎలక్ట్రీషియన్ ఉండె. ఈ అలారం ఆయననే బిగించిండు. ఆయన నా బావ. ఎట్ల సచ్చిండో చెప్పు."

"అది ప్రమాదము..."

బొటనవేలు బటన్ మీదికి వచ్చింది.

"చెప్పెదను! చెప్పెదను! అతడు నా పెట్టెను చూచెను. నేను దుకాణమునకు వెళ్లి, చక్రముల పానతో అతని తలపై కొట్టితిని. పిదప బండి క్రిందకు నెట్టి జాకీని దించితిని. సీసా నేనే ఉంచితిని."

"అప్పటికి ప్రాణం ఉన్నదా?"

వెస్టర్‌మన్ కళ్లు మూసుకున్నాడు. "ఉన్నది. అతడు నీరు అడిగెను."

గుండీలో మైకు అన్నీ వింటోంది. సదానందానికి గేటు దగ్గర గోల వినిపించడం మానేసింది. ఎర్రటి ఎండలో, నోట్లో నెత్తుటితో, నీళ్లడిగిన బావ ఒక్కడే కనిపించాడు. డిటోనేటర్ టిఫిన్ డబ్బాలో ఉందని అతనికి తెలుసు. ఎందుకు పీకానా అనుకున్నాడు. వెస్టర్‌మన్ కళ్లలోకి చూస్తూ, గట్టిగా, బొటనవేలు తెల్లబడేదాకా, బటన్ నొక్కాడు.

అలారం కెవ్వుమంది. వెస్టర్‌మన్ కూడా కెవ్వుమన్నాడు. ఏమీ పేలలేదు. దొరగారి ఖరీదైన ప్యాంటు మాత్రం తడిసిపోయింది.

"మిస్‌ఫైర్," అన్నాడు సదానందం. "మళ్ల ఎప్పుడు పేలుతదో చెప్పలేం. మా దగ్గర రూల్ ఉన్నది. అరగంట ఎవ్వరూ కదులొద్దు. నువ్వు అస్సలు కదులొద్దు."

చెట్టు నీడలోకి నడిచి, కూర్చుని, గడియారం చూసుకున్నాడు. నలభై ఆరు డిగ్రీలు, అద్దాలు మూసిన బండి, చెవులు చిల్లులు పడే అలారం. ప్రతి చప్పుడుకూ ఉలిక్కిపడుతూ, వేలు కూడా కదపకుండా వెస్టర్‌మన్ ముప్పై నిమిషాలు కూర్చున్నాడు. పదిహేనో నిమిషంలో నీళ్లు అడిగాడు. సదానందం పది లెక్కపెట్టి, సీసా తీసుకుపోయి అద్దం సందులోంచి పోశాడు. చీఫ్‌కు మనిషి ప్రాణంతో కావాలి మరి.

* * *

వెనక గేటు దగ్గర దొరికిన బాలాత్రిపురసుందరి చేతిసంచిలో లిప్‌స్టిక్ డబ్బా ఉంది. డబ్బాలో లిప్‌స్టిక్ లేదు, డ్రైవ్ కాపీ ఉంది. ఇంకో ముఠాకు అమ్ముకోవడానికి ఒరిజినల్‌నూ దాని ఓనర్‌నూ ఒకేసారి లేపేయాలనుకుంది. హత్య ఒప్పుకున్న మనిషితో తమకు ఏ సంబంధమూ లేదని, ఆ పాస్‌పోర్ట్ చెల్లదని ఎంబసీ సాయంత్రానికల్లా ప్రకటించింది. నీలం నంబర్‌ప్లేటు కారు ఖాళీగా వెళ్లిపోయింది.

"ఆ ఇయర్‌ఫోన్ ఎందుకు తీశావ్?" అని ఫోన్లో అడిగాడు భీమశంకరం.

"చెమట పట్టింది సార్."

"రిపోర్టులో అదే రాయి. ఎల్లన్న కేసు ఫైలు మళ్లీ తెరిపించాను. ఎస్సై తన చేత్తోనే దిద్దుతాడు."

పొద్దు వాలకముందే సదానందం గోదావరిఖనిలో అక్క ఎదుట కూర్చుని రికార్డింగ్ పెట్టాడు. పుస్తకం తెలుగులో దొర గొంతు వణుకుతూ అంతా చెప్పింది. పాన, జాకీ, సీసా. నీరు అడిగెను అన్నచోట లింగవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. అయిపోయిందనుకున్న ఏడుపు మళ్లీ వచ్చింది. సదానందం పక్కనే కూర్చుని తనూ ఏడ్చాడు.

కాసేపటికి ఆమె ముఖం తుడుచుకుంది.

"వాన్ని ఏం చేసినవ్ తమ్మీ?"

సీటు కింద మందు, మూసిన అద్దాలు, కెవ్వుమనే అలారం, తడిసిన ప్యాంటు, అన్నీ వివరంగా చెప్పాడు. అరగంట సేపు వేలు కదపకుండా ఎండలో ఎలా ఉడికిపోయాడో కళ్లకు కట్టినట్టు చెప్పాడు. లింగవ్వ శ్రద్ధగా, ఒక్క మాట కూడా అడ్డు రాకుండా వింది. అంతా విన్నాక తమ్ముడి ముఖంలోకి చూసి అడిగింది.

"అరగంటనేనా?"